ఇందా నుంచి దంతపురం దాకా: యాత్రా ఛాయాచిత్రాలు, బౌద్ధ చరిత్ర

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఇందా ఒక పేట. బెంగాల్ నుంచి ఒడిశాకు పోయే పాత రాజమార్గం ఒరిస్సా ట్రంక్ రోడ్డు ఈ పేట గుండా సాగుతుంది. అక్కడివారు నేటికీ దానిని ఓ.టి. రోడ్డు అనే వ్యవహరిస్తారు. పూరీ జగన్నాథ దర్శనానికి కాలినడకన పోయే యాత్రికులు రైలు రాకముందు ఈ ప్రాంతం మీదుగానే దాంతన్, జలేశ్వర్, బాలాసోర్‌ల వైపు నడిచేవారు. ఇందాలోని ఖడ్గేశ్వర శివాలయం పేరు మీదనే ఊరికి ఖరగ్‌పూర్ అనే పేరు వచ్చిందని స్థానికుల విశ్వాసం.

ఖరగ్‌పూర్‌కు వచ్చిన సందర్శకుడు సాధారణంగా మూడు దృశ్యాలను ఛాయాచిత్రాలుగా తీసుకొని వెళ్తాడు. మొదటిది 1,072 మీటర్లకు పైగా పొడవున్న రైల్వే ప్లాట్‌ఫారం. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం వచ్చేవరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా ఇది ప్రసిద్ధి పొందింది. రెండవది హిజ్లీ నిర్బంధ శిబిర భవనం. 1930లో నెలకొల్పిన ఈ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. 1951లో దేశంలోని తొలి ఐ.ఐ.టి. ఆ భవనంలోనే ప్రారంభమైంది. మూడవది ఇందాలోని ఆలయం. ఈ మూడూ చిత్రానికి యోగ్యమైనవే. అయితే ఈ ఊరికి తూర్పున తామ్రలిప్తి, దక్షిణాన దాంతన్ ప్రాంతపు మహావిహారం ఉన్నాయని ఆ చిత్రాలలో ఏదీ చెప్పదు. బౌద్ధ లోకం శతాబ్దాల పాటు రాకపోకలు సాగించిన నేల నడుమ ఉన్న పట్టణం బౌద్ధ యాత్రికుని చిత్రపటంలో కానరాకపోవడానికి కారణమేమిటి? యాత్రా ఛాయాచిత్రణ చరిత్రలోనే దీనికి సమాధానం ఉన్నది.

తామ్రలిప్తిలో చిత్రించిన యాత్రికుడు

యాత్రికుడు తాను చూచినదానిని బొమ్మగా వెంట తీసుకొనిపోవడం కెమెరాతో పుట్టిన అలవాటు కాదు. అయిదవ శతాబ్ది ప్రారంభంలో చైనా భిక్షువు ఫాహియాన్ భారతదేశ యాత్ర చివరిభాగంలో తామ్రలిప్తికి వచ్చాడు. రూపనారాయణ నదీతీరాన ఉన్న నేటి తమ్‌లుక్ పట్టణమే ఆ రేవు అని పండితుల అభిప్రాయం. ఆ దేశంలో ఇరవైకి పైగా సంఘారామాలున్నాయనీ, అన్నిటిలోనూ భిక్షువులు నివసిస్తున్నారనీ ఆయన వ్రాశాడు. అక్కడ రెండేళ్లు ఉండి సూత్రాలకు ప్రతులు వ్రాసుకున్నాడు, ప్రతిమలకు చిత్రాలు గీసుకున్నాడు. ఆ తరువాత వర్తకుల ఓడ ఎక్కి సింహళానికి వెళ్లాడు.

ఇక్కడ గమనించవలసిన సంగతి, సూత్రానికీ ప్రతిమకూ ఆయన సమాన స్థానం ఇవ్వడం. వాక్యాన్ని అక్షరం తప్పకుండా ఎత్తి వ్రాసినట్లే రూపాన్ని కూడా ఎత్తి గీశాడు. స్వదేశంలోని సంఘానికి వినయ గ్రంథం ఎంత అవసరమో, ప్రతిమాలక్షణం కూడా అంతే అవసరమని ఆయన భావించి ఉండాలి. ఏడవ శతాబ్దిలో హ్యుయాన్‌త్సాంగ్ తామ్రలిప్తిలో పదికి పైగా విహారాలనూ, సుమారు వేయిమంది భిక్షువులనూ, నగరం పక్కన అశోకుని స్తూపాన్నీ పేర్కొన్నాడు. 673లో సముద్రమార్గాన ఇక్కడే దిగిన ఇత్సింగ్ కొంతకాలం ఈ ఊరిలోనే ఉండి సంస్కృతం నేర్చుకున్నాడు. ఆ విహారాల దినచర్యను ఆయన గ్రంథం వివరంగా వర్ణిస్తుంది.

ఫాహియాన్ గీసిన బొమ్మలు నేడు మనకు లేవు. ఆయన మాటలు మిగిలాయి. ఆ మాటలలో స్థలం పేరు, బస చేసిన కాలం, బయలుదేరిన దిక్కు ఉండటం వల్లనే వాటికి నేటికీ విలువ ఉన్నది.

పలకలపై నిలిచిన శిలలు

భారతదేశంలో ఛాయాచిత్రణ పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగానికి పురాతన కట్టడాల అధ్యయనంలో ప్రవేశించింది. ఈ మలుపునకు తెలుగు నేల ఒక ముఖ్య సాక్షి. అమరావతి స్తూపాన్ని 1797లో కాలిన్ మెకంజీ చూచాడు. 1816 తరువాత ఆయన బృందం అక్కడి శిల్పాలకు రేఖాచిత్రాలు తయారుచేసింది. ఆనాటికే స్తూపపు రాళ్లు ఊరి కట్టడాలలోకీ, చెరువు మెట్లలోకీ, సున్నపు బట్టీలలోకీ పోతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు చేరాయి. మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడిగా నియమితుడైన లినీయస్ ట్రైప్ 1858లో వాటికి ఛాయాచిత్రాలు తీశాడు. మరుసటి ఏడాదే ఆ శిలలలో అధికభాగం లండనుకు ఓడలో వెళ్లిపోయింది. మద్రాసు విడిచేముందు వాటి స్థితిని చూపే ఆధారంగా ట్రైప్ పలకలే నిలిచాయి.

లండనులో ఆ శిలలు కొన్నేళ్లు ఎవరి కంటా పడక ఒక గిడ్డంగిలో ఉండిపోయాయి. జేమ్స్ ఫెర్గూసన్ వాటిని గుర్తించి, విలియం గ్రిగ్స్ చేత ఛాయాచిత్రాలు తీయించి, 1868లో వెలువడిన తన గ్రంథంలో సాంచి శిల్పాలతో పాటు ప్రకటించాడు. అమరావతిని ఎన్నడూ చూడని పండితులకు ఆ పుస్తకమే అమరావతి అయింది. కాగా స్తూపస్థలంలో 1877లో రాబర్ట్ స్యూయెల్ కొంతభాగం తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు ఉత్తర్వుతో దిబ్బ మొత్తాన్ని తొలగించారు. తరువాత వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు కనిపించినది పెద్ద గొయ్యి మాత్రమే. శిల్పాలకు ఛాయాచిత్రాలు పుష్కలంగా మిగిలాయి. అవి ఏ దిక్కున, ఏ వరుసలో నిలిచి ఉండేవో చెప్పే చిత్రాలు చాలినన్ని మిగలలేదు. అండం, వేదిక, ఆయక స్తంభాల అమరికపై పండితులు నేటికీ చర్చిస్తూ ఉండటానికి ఇది ఒక కారణం.

అజంతా అనుభవం మరొక పాఠం చెబుతుంది. మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్ 1844 నుంచి ఏళ్ల తరబడి, అప్పటి నిజాం రాజ్యంలో ఉన్న ఆ గుహలలోని వర్ణచిత్రాలకు నూనెరంగులతో నకళ్లు తయారుచేశాడు. లండను క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శించిన ఆ నకళ్లలో అత్యధికం 1866 డిసెంబరు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఆయన తీసిన గుహల ఛాయాచిత్రాలు మాత్రం 1864లోనే పుస్తకంగా అచ్చయి అనేక ప్రతులుగా వ్యాపించడం వల్ల నిలిచాయి. వాటిలో రంగు లేదు, గుహాంతర్భాగపు చీకటిలో గోడచిత్రాలు సరిగా పడవు. అయినా స్తంభాలు, ముఖద్వారాలు, కొండవాలు ఆనాడు ఎలా ఉండేవో అవి చూపుతాయి. అనేక ప్రతులుగా అనేక చోట్ల ఉండటమే ఛాయాచిత్రానికి పెద్ద రక్ష.

ఇంటి నుంచి చూచినవాడు, వెళ్లి చూచినవాడు

ఫెర్గూసన్ భారతదేశంలో విరివిగా పర్యటించినవాడే. కానీ ఇంగ్లండుకు తిరిగివెళ్లిన తరువాత ఆయన ప్రధానంగా ఛాయాచిత్రాలపై ఆధారపడ్డాడు. ఆయన వద్ద మూడు వేలకు పైగా చిత్రాలు ఉండేవి. దూరదూరాన ఉన్న కట్టడాల పోలికలనూ భేదాలనూ గుర్తించడానికి ఛాయాచిత్రం స్వయంగా చూడటంతో దాదాపు సమానమని ఆయన అభిప్రాయం. వాస్తు శైలుల వర్గీకరణకు ఈ పద్ధతి నిజంగానే మేలు చేసింది.

దీనికి భిన్నమైన దృష్టి బెంగాల్ పండితుడు రాజేంద్రలాల్ మిత్రాది. 1856లో కలకత్తాలో ఏర్పడిన బెంగాల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీకి ఆయన కోశాధికారిగా పనిచేశాడు. యూరోపియన్ నీలిమందు తోటల యజమానుల దౌర్జన్యాలను నిరసిస్తూ 1857లో ఒక బహిరంగ సభలో ప్రసంగించినందుకు ఆ సొసైటీ ఆయనను వెలివేసింది. పదేళ్లు గడిచాక ఆయన ఒడిశాలో పర్యటించి కట్టడాలను పరిశీలించాడు. కలకత్తా చిత్రకళాశాల విద్యార్థులు వెంట వచ్చి బొమ్మలు గీశారు, అచ్చులు తీశారు. ఫలితంగా రెండు సంపుటాల ఒడిశా పురావస్తు గ్రంథం 1875, 1880లలో వెలువడింది. బుద్ధగయపై గ్రంథం 1878లో వచ్చింది. మిత్రా ఛాయాచిత్రాలను వాడుకున్నాడు. అయితే వాటి పక్కన శాసనాన్ని, గ్రంథాన్ని, స్థానిక నామాన్ని ఉంచి చదివాడు. ఫెర్గూసన్ 1884లో మిత్రా పాండిత్యాన్ని ఆక్షేపిస్తూ ఒక పుస్తకమే వ్రాశాడు. ఆ వివాదంలో పాలకుల అహంకారం పాలు కూడా తక్కువ కాదని నేటి చరిత్రకారులు గుర్తించారు.

ఈ వివాదానికి ఖరగ్‌పూర్ ప్రాంతంతో నేరుగా సంబంధం ఉన్నది. బౌద్ధ వాఙ్మయంలోని దంతపురం మేదినీపూర్ జిల్లా దాంతన్ కావచ్చునని సూచించిన వారిలో మిత్రా ఒకడు.

రైలు తెచ్చిన చూపు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను తన ప్రధాన కూడలిగా ఎంచుకున్నది. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన పూర్తికావడంతో కలకత్తాకు దారి కలిసింది. 1901లో మహానది వంతెన తెరుచుకున్నది. అంతకుముందే విజయవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ రైల్వే నిర్మాణం జరిగింది. వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో చేరింది. దానితో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు కర్మాగారంలోను, లోకో షెడ్డులోను, రైలు మార్గంలోను పనికోసం ఖరగ్‌పూర్‌కు వచ్చి స్థిరపడ్డారు. వారి సంఖ్యనూ స్థానాన్నీ గుర్తించి 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునిచ్చింది.

రూపనారాయణ వంతెన తెరిచిన 1900లోనే అమెరికాలో ఈస్ట్‌మన్ కోడక్ సంస్థ ఒక డాలరు ధరకు బ్రౌనీ కెమెరాను విక్రయించసాగింది. గాజుపలకలు, రసాయనాలు, గుడారం మోసుకొని వెళ్లిన ట్రైప్ కాలానికీ, జేబు సంచిలో పెట్టెకెమెరా పెట్టుకొని రైలెక్కిన కాలానికీ మధ్య ఉన్న అంతరం ఇది. రైలు కిటికీ ఒక కొత్త చూపును అలవాటు చేసింది. ఈ మార్గంలో చిల్కా సరస్సు, దాని వెనుక కొండల వరుస, మహేంద్రగిరి దిక్కున తూర్పు కనుమలు, పూరీ తీరం, భువనేశ్వర ఆలయ శిఖరాలు యాత్రా చిత్రాలకు స్థిరమైన విషయాలయ్యాయి. రైల్వే సంస్థ పూరీలో హోటలు నడిపింది, యాత్రలను ప్రోత్సహించింది.

ఈ చిత్రాలలో ఎన్నిక ఉన్నది. ఎత్తుగా నిలిచినది, నీటిలో ప్రతిఫలించినది, శిల్పంతో నిండినది మాత్రమే చిత్రానికి ఎక్కింది. రైలు దారికి అటూ ఇటూ ఉన్న మట్టిదిబ్బలు ఎక్కలేదు. బౌద్ధ స్థలాలలో అధికభాగం ఇటుక కట్టడాలు. కప్పు కూలి, గోడ కరగి, మీద గడ్డి మొలిచిన తరువాత అవి దిబ్బలుగానే కనిపిస్తాయి. ఆంధ్రతీరంలో ఇదే మార్గంలో అనకాపల్లి సమీపాన శంకరం కొండలను 1907-08లో అలెగ్జాండర్ రీ తవ్వేవరకు వాటి బౌద్ధ స్వరూపం స్పష్టం కాలేదు. వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధస్థలమని 1919లో గిడుగు రామమూర్తి గుర్తించాడు. సవర భాషకోసం ఊరూరా కాలినడకన తిరిగిన ఆ పండితుని కంటికి అందినది, తీరాన రైలులో సాగిన వేలమంది కెమెరాలకు అందలేదు.

ఒకే దారిలో రెండు దంతపురాలు

పాలి వాఙ్మయంలో దంతపురం కళింగరాజధాని. దీఘనికాయంలోని మహాగోవింద సుత్తం కళింగులకు దంతపురాన్ని చెబుతుంది. జాతక కథలలో కూడా ఆ నగరం పేరు పలుమార్లు వస్తుంది. బుద్ధుని దంతధాతువు అక్కడ పూజలందుకున్నదనీ, గుహశివ మహారాజు యుద్ధంలో ఓడే వేళ ఆయన కుమార్తె హేమమాల, ఆమె భర్త దంతకుమారుడు ధాతువును రహస్యంగా తీసుకొని తామ్రలిప్తి రేవులో ఓడ ఎక్కి సింహళం చేరారనీ దాఠావంసం చెబుతుంది. ఆ ధాతువే నేడు కాండీలో పూజలందుకుంటున్నదని శ్రీలంక సంప్రదాయం.

ఆ దంతపురం ఎక్కడ? దాంతన్ అనే పేరులో పోలిక ఉన్నది, తామ్రలిప్తికి దగ్గర కూడా. కన్నింగ్‌హాం రాజమహేంద్రవరాన్ని సూచించాడు. మరికొందరు పూరీ అన్నారు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసకు సమీపంలో దంతవరపుకోట అనే మట్టికోట ఉన్నది. ఆ జిల్లాలోనే దొరికిన జీర్జింగి తామ్రశాసనాన్ని తూర్పు గంగరాజు ఇంద్రవర్మ దంతపురం నుంచి జారీచేశాడు. 1990ల దశకంలో రాష్ట్ర పురావస్తు శాఖ ఆ కోటలో తవ్వకాలు జరిపి తొలి చారిత్రక యుగపు ఆవాసాన్ని వెలికితీసింది. శాసనమూ, కోటా, పేరూ ఒకేచోట కలవడం శ్రీకాకుళం పక్షానికి బలమిస్తుంది. అందుచేత అనేకులు దీనినే అంగీకరిస్తున్నారు.

శ్రీకాకుళం రోడ్ స్టేషనులో రైలెక్కిన కూలీ ఖరగ్‌పూర్‌లో దిగేలోగా దంతపురమని పేరుపడిన రెండు స్థలాల పక్కనుంచీ సాగిపోయాడు. ఈ రెంటిలో ఏది అసలైనదో నిర్ణయించడంలో ఛాయాచిత్రం చేయగలిగినది పరిమితం. మట్టికోట బురుజు చిత్రం ఎంత అందంగా ఉన్నా, ఆ ఊరి పేరు దానికదే చెప్పదు. చిత్రం కింద వ్రాసే ఒక్క మాట చూచేవారి నమ్మకాన్ని నిర్ణయిస్తుంది. దాంతన్ చిత్రం కింద గాని, దంతవరపుకోట చిత్రం కింద గాని "దంతపురం" అని నిస్సందేహంగా వ్రాయడం చర్చలో ఉన్నదానిని తేలినట్టు చూపడమే. "దంతపురంగా కొందరు గుర్తించిన స్థలం" అనే వివరణ పొడుగు గానీ, అదే సత్యవాక్కు.

మొఘల్‌మారి దిబ్బ

దాంతన్ పక్కనే, ఖరగ్‌పూర్‌కు దక్షిణంగా సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో మొఘల్‌మారి గ్రామం ఉన్నది. ఊరి మధ్య పెద్ద దిబ్బను స్థానికులు ఒక జానపద కథానాయిక పేరుతో సఖీసేనా దిబ్బ అని పిలిచేవారు. దాని మీదుగా పిల్లలు నడిచారు, పశువులు మేశాయి. పాత యాత్రాదారి, కొత్త రైలుదారి రెండూ ఆ చుట్టుపక్కలనుంచే పోయాయి. అయినా దానిని చిత్రానికి తగినదిగా ఎవరూ తలచలేదు.

2003-04లో కలకత్తా విశ్వవిద్యాలయ పురావస్తు శాఖ ఆచార్యుడు అశోక్ దత్తా నాయకత్వంలో తవ్వకాలు ప్రారంభమయ్యాయి. పలు విడతలలో జరిగిన ఆ తవ్వకాలు, తరువాత రాష్ట్ర పురావస్తు శాఖ కొనసాగించినవి, ఒక విశాలమైన బౌద్ధ విహారాన్ని బయటపెట్టాయి. ముందుకు చొచ్చి, వెనుకకు తగ్గి సాగే ఇటుక గోడలు, గోడలపై గచ్చుతో మలచిన మానవ, దేవతా రూపాలు, అలంకరణకు కోసిన అనేక ఆకారాల ఇటుకలు, భిక్షువుల గదులు బయటపడ్డాయి. "యే ధర్మా హేతుప్రభవా" అనే గాథ ముద్రించిన మట్టిపలకలు దొరికాయి. విహారం పేరును తెలిపే ముద్రికలు కూడా లభించాయి. 2016 జనవరిలో తొంభైకి పైగా కంచు వస్తువులు ఒకేచోట వెలువడ్డాయి. వాటిలో బుద్ధ, బోధిసత్త్వ ప్రతిమలు ఉన్నాయి. ఆరవ శతాబ్ది నుంచి కొన్ని వందల ఏళ్లు ఇక్కడ సంఘజీవనం సాగిందని ఆధారాలు చూపుతున్నాయి. తామ్రలిప్తి చుట్టూ విహారాలున్నాయని చైనా భిక్షువులు చెప్పిన మాట ఉత్త వర్ణన కాదనడానికి ఆ ప్రాంతంలో ఇంత స్పష్టమైన నిర్మాణ సాక్ష్యం అంతకుముందు లేదు.

ఇప్పుడు సందర్శకులు అక్కడికి వెళ్తున్నారు, గచ్చు బొమ్మలకు చిత్రాలు తీస్తున్నారు. గచ్చు మెత్తని పదార్థం. గాలికి, వానకు, తేమకు, చేతి స్పర్శకు త్వరగా నశిస్తుంది. కాబట్టి తవ్వకం జరిగిన రోజున తీసిన చిత్రానికీ, ఏడాది తరువాత తీసిన చిత్రానికీ మధ్య తేడాయే ఆ శిల్పపు ఆరోగ్య పరీక్ష. ఇక్కడ సాధారణ యాత్రికుని చిత్రం కూడా, తేదీ ఉంటే, పరిరక్షకులకు ఉపయోగపడుతుంది. కానీ తవ్వకానికి పూర్వపు దిబ్బ రూపాన్ని చూపే చిత్రాలు ఎంత అవసరమో ఆనాడు కెమెరాతో అటుగా వెళ్లినవారికి తెలియదు.

నీట మునిగిన లోయ

ఛాయాచిత్రం ఏకైక సాక్షిగా మిగిలిన స్థలం తెలుగునేలపైనే ఉన్నది. 1926లో వెలుగుచూచిన నాగార్జునకొండ లోయను 1927 నుంచి 1931 దాకా ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మరికొంత తవ్వాడు. నాగార్జునసాగర్ జలాశయం రానుండటంతో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 వరకు లోయ అంతటా అత్యవసర తవ్వకాలు జరిగాయి. కొన్ని కట్టడాలను కొండపైకి, అనుపు వద్దకు తరలించి తిరిగి నిలిపారు. లోయ మాత్రం జలాశయం అడుగుకు పోయింది.

దీవిలోని మ్యూజియంలో అయక స్తంభాలను, శిల్పఫలకాలను నేడు చూడవచ్చు. విహారానికీ స్తూపానికీ మధ్య ఎంత నడక ఉండేది, కృష్ణ ఏ వైపు మలుపు తిరిగేది, మూడువైపులా కొండలు ఆ నగరాన్ని ఎలా కాపు కాచేవి అనే సంగతులు ఇక ఎవరూ వెళ్లి చూడలేరు. వాటిని చెప్పేవి పటాలు, నివేదికలు, లోయ మొత్తాన్ని దూరంనుంచి తీసిన ఛాయాచిత్రాలు. ప్రకృతి దృశ్యంగా మాత్రమే ఆనాడు తోచిన చిత్రాలు నేడు పురావస్తు ఆధారాలయ్యాయి. శిల్పాన్ని దగ్గరగా తీసిన చిత్రానికి మూలవస్తువు ఇంకా ఉన్నది. కొండను, పొలాన్ని, నదిని కలిపి తీసిన చిత్రానికి మూలం లేదు.

దీనికి ఎదురు నిదర్శనం భట్టిప్రోలు. ధాతుకరండాలపై శాసనాలకు ప్రసిద్ధమైన ఆ మహాస్తూపపు ఇటుకలను, రాళ్లను 1870 ప్రాంతంలో ప్రభుత్వ నిర్మాణ శాఖవారే రోడ్డు పనికీ కాలువ తూముకూ తరలించారు. 1892లో రీ వచ్చి ధాతుకరండాలను వెలికితీసేనాటికి అండం అప్పటికే చెదరిపోయి ఉన్నది.

చిత్రానికి తోడుండవలసినవి

ఈ చరిత్ర నుంచి యాత్రికులైన భిక్షువులకూ, వారసత్వ పరిశోధకులకూ కొన్ని పాటింపదగిన నియమాలు లభిస్తాయి. శిల్పాన్ని తీసిన తరువాత రెండడుగులు వెనుకకు వచ్చి గోడను, మరి కొంత దూరం వెళ్లి దిబ్బను, చెరువును, దారిని కలిపి మరొక చిత్రం తీయాలి. ప్రతి చిత్రానికీ తేదీ, కెమెరా చూచిన దిక్కు, పరిమాణం తెలిపే కొలబద్ద ఉండాలి. స్థానికులు వాడే పేరును తప్పక వ్రాయాలి. సఖీసేనా దిబ్బ, అమరావతి దీపాలదిన్నె, శంకరం బొజ్జన్నకొండ వంటి పేర్లు శాసనాలలో దొరకవు. అవి ఊరివారి నోటనే ఉంటాయి, ఒక తరం మారితే పోవచ్చు. పాత చిత్రం దొరికినచోట, అదే స్థానం నుంచి అదే దిక్కున మరల తీస్తే రెండు కాలాల మధ్య జరిగిన మార్పు స్పష్టమవుతుంది. కెమెరాకు అనుకూలంగా ఇటుకను కూడా కదపరాదు. తవ్వకంలో చిన్న ప్రతిమలు దొరికిన తావును మాత్రం పురావస్తు శాఖ ప్రకటించేవరకు బహిరంగపరచకపోవడం మేలు. దొంగలకు అది దారి చూపుతుంది.

ఈ నియమాలకు బౌద్ధ సంప్రదాయంలోనే ఒక ఆధారం ఉన్నది. కాలింగబోధి జాతకం చైత్యాలు మూడు విధాలని చెబుతుంది: శరీరధాతువుతో కూడిన శారీరికం, బుద్ధుడు వినియోగించిన వస్తువుతో కూడిన పారిభోగికం, ఆయనను ఉద్దేశించి ఏర్పరచిన ఉద్దేశికం. మూడవదానికి వస్తువు ఆధారం కాదు, అది మనస్సుపైనే ఆధారపడి ఉంటుందని అక్కడ వివరణ. ఈ జాతక కథ దంతపురంలో కళింగరాజు పాలించే కాలంతో మొదలవుతుందన్న సంగతి ఇందాక చెప్పుకున్న చర్చకు తగిన జోడింపు. స్తూపాన్నో ప్రతిమనో చూపే ఛాయాచిత్రాన్ని ఉద్దేశిక వర్గంలో తలచవచ్చు. దానిలో ధాతువు లేదు, రాయి లేదు, ఇటుక లేదు. చూచేవానికి అది ఏ స్థలానిదో, ఏనాటిదో తెలిసినప్పుడే స్మృతికి ఊత అవుతుంది. ఆ తెలివిడి లేని చిత్రం వట్టి దృశ్యం.

ఇందా విషయంలో చేయవలసిన పని ఇంకా మిగిలి ఉన్నది. నూరేళ్లకు పైగా ఖరగ్‌పూర్‌లో నివసిస్తున్న తెలుగు కుటుంబాల ఇళ్లలోని పాత ఆల్బములు, రైల్వే ఉద్యోగులు సెలవులలో తీసుకున్న తమ్‌లుక్, దాంతన్, పూరీ, చిల్కా, స్వగ్రామాల చిత్రాలు వెదకదగినవి. కుటుంబం నిలబడి తీయించుకున్న చిత్రం వెనుక ఒక దిబ్బ, ఒక పాత దారి, నేడు లేని ఒక చెరువుగట్టు ఉండవచ్చు. వాటిని పెద్దలు జీవించి ఉండగానే, స్థలం, సంవత్సరం అడిగి వ్రాసి, ప్రతులు తీసి ఒకటికి మించిన చోట్ల భద్రపరచాలి. తామ్రలిప్తిలో రెండేళ్లు కూర్చుని ప్రతిమలు గీసుకున్న భిక్షువు తన బొమ్మలను కాపాడుకోలేకపోయాడు. ఆయన స్థలాన్ని, కాలాన్ని వ్రాసిపెట్టడం వల్లనే తమ్‌లుక్ నేలలో ఏమి వెదకాలో ఈనాటి పరిశోధకులకు తెలిసింది.